రంగు కింద నీటి గీతలు

జూన్ 2

ఒరేయ్ తమ్ముడూ,

నీ ఉత్తరమూ, అందులో మడతపెట్టి పెట్టిన బీమా ఫారమూ అందాయి. ఫోన్ చెయ్యకు, ఉత్తరమే రాయమన్నది నేనే. ఫోన్లో నీ గొంతు వణికితే ఆ వణుకు నాకు అంటుకుంటుంది. అలాగని ఉత్తరం నిండా వానలూ వరదలూ నింపి పంపుతావా? మొదట అక్క ఎలా ఉంది, బావ ఎలా ఉన్నారు అని అడగాలి. ఆ తరవాత భయపెట్టాలి.

మేం బాగున్నాం. బళ్ళు తెరిచే రోజులు కదా, యూనిఫారాల పని పీకల దాకా ఉంది. ముందు గదిలో రెండు కుట్టుమిషన్లు, గోడ పొడుగునా బట్ట తానులు. కాలు పెట్టే చోటు లేదు. మీ బావ రంగుల పని మీద పొద్దున వెళ్ళి, చీకటి పడేటప్పటికి గడ్డానికి తెల్లరంగు పూసుకుని వస్తున్నారు. ఉన్నట్టుండి ముసలాయన అయిపోయినట్టు కనిపిస్తే నవ్వొస్తుంది.

ఇక నీ ఫారం సంగతి. ఇంటికి బీమా ఉంది కదరా. నీ మొహం చూసే కదా, మీ కంపెనీలోనే తీసుకున్నాం. మళ్ళీ వరదకి వేరే ఎందుకు? ఒక ఇంటికి రెండు తాళాలు అమ్ముతున్నావా? పైగా పంచాయతీ ఆఫీసులో చెప్పారు, ఇక్కడ పెద్ద వరద వందేళ్ళకి ఒకసారేనట. మొన్న మూడేళ్ళ కిందట వచ్చిపోయింది. మళ్ళీ వచ్చేసరికి నువ్వూ ఉండవు, నేనూ ఉండను. నీది దినదినగండం నూరేళ్ళాయుష్షు కాబట్టి ఒకవేళ నువ్వుంటావేమో, చూసి చెప్పు.

తొందరగా పెళ్ళి చేసుకో. నీ భయాలు పంచుకోవడానికి ఇంట్లో ఒక మనిషి ఉంటుంది, నాకు కాస్త తెరిపి దొరుకుతుంది.

మీ అక్క


జూన్ 9

అక్కా,

నువ్వు ఎలా ఉన్నావు? బావగారు ఎలా ఉన్నారు? ఇదిగో, అడిగేశాను. ఇప్పుడు భయపెట్టొచ్చా?

నువ్వు నవ్వుకుంటూ రాసిన మాటలే నాకు గుండెల్లో రాయి వేశాయి. మీకున్న బీమా నిప్పుకి, దొంగలకి, గాలికి. కప్పు ఎగిరిపోయి వాన లోపల పడితే ఇస్తారు. ఏరు పొంగి నేల మీదుగా ఇంట్లోకి వస్తే పైసా ఇవ్వరు. ఆ ముక్క కాగితం వెనక చిన్న అక్షరాలతో ఉంటుంది. అందరూ నీలాగే అనుకుంటారు. ఇల్లు మునిగాక తడి కాగితం పట్టుకుని మా కౌంటరు దగ్గరికి వస్తారు, నేను ఆ చిన్న అక్షరాల మీద వేలు పెట్టి చూపించాలి. నా ఉద్యోగం అదే అక్కా.

రెండోది, ఆ వందేళ్ళ మాట. వందేళ్ళకోసారి అంటే ఒకసారి వచ్చి తొంభై తొమ్మిదేళ్ళు సెలవు తీసుకుంటుందని కాదు. ఒక కుండలో వంద గోళీలున్నాయనుకో, ఒక్కటే ఎర్రది. ఏటేటా కళ్ళు మూసుకుని ఒకటి తీస్తాం, మళ్ళీ అందులోనే వేసేస్తాం. పోయినేడు ఎర్రది వచ్చింది కదా అని ఈ ఏడు అది కుండలోంచి పోదు. వరసగా రెండేళ్ళు రావచ్చు. ఏరుకి పోయినసారి వచ్చిన సంగతి గుర్తుండదు.

ఇంకో సంగతి. ఇవాళ వరద బీమా తీసుకుంటే ఇవాళే పనిచెయ్యదు. నెల రోజులు ఆగాలి. మబ్బు పట్టాక పరిగెత్తుకొచ్చేవాళ్ళు ఎక్కువని ఆ నియమం పెట్టారు. ఇల్లు కాలాక నుయ్యి తవ్వకూడదని అంటారు కదా, మా దగ్గర ముందే తవ్వినా నీళ్ళు పడటానికి నెల పడుతుంది.

నిన్న ధైర్యం చేసి వరద పటం చూశాను. మా ఆఫీసు గోడకి దాని నకలు ఉంది. నీళ్ళు వచ్చే జాగా అంతా ఒక గీత లోపల నీలంగా ఉంటుంది. మీ వీధి గీతకి అవతల ఉంది. హమ్మయ్య అనుకున్నాను. చాలా రోజుల తరవాత నిన్న కడుపునిండా తిన్నాను. గీత అవతల కాబట్టి కట్టాల్సింది కూడా తక్కువే, సంతకం పెట్టి పంపు.

ఒక్కటి మాత్రం అర్థం కాలేదు. మూడేళ్ళ కిందట మోకాళ్ళ పైకి వచ్చిందని అప్పట్లో నువ్వే చెప్పినట్టు గుర్తు. పటం పక్కన మాత్రం మీ వీధికి 'గడప వరకు' అని రాసుంది. నేను తప్పు విన్నానా?

నీ తమ్ముడు


జూన్ 17

ఒరేయ్ పిరికి సన్నాసీ,

నీ గోళీల కుండ మీ బావకి చదివి వినిపించాను. "మీ తమ్ముడికి చిన్నప్పుడు గోళీలాటలో ఎవరూ గెలవనిచ్చేవాళ్ళు కాదేమో, ఆ కసి ఇలా తీర్చుకుంటున్నాడు" అన్నారు. తరవాత ఆ గీత అవతల అన్న ముక్క మళ్ళీ చదవమని అడిగారు. రెండుసార్లు చదివించుకున్నారు. ఆయన కూడా హమ్మయ్య అనుకున్నారన్నమాట, పైకి చెప్పరు అంతే.

నువ్వు తప్పు వినలేదు. మోకాళ్ళ పైకే వచ్చింది. మరి పటం వాళ్ళకి గడప దాకా అని ఎలా తెలిసిందంటావా? మీ బావ పనితనం అది! నీళ్ళు దిగిన మర్నాడే ఆయన మన గోడ కడిగి, లప్పం పెట్టి, రంగు వేసేస్తారు. గోడ మీద ఆ మట్టి గీత చూస్తే నాకు అన్నం సహించదు, ఆయనకి తెలుసు. మనింటిది చూసి వీధంతా పిలుస్తారు. వరద వచ్చిన ఏడు ఆయనకి తీరికే ఉండదు. ఆ పటం వాళ్ళు టేపులు పట్టుకుని మరకల కోసం వచ్చేసరికి వీధి వీధంతా పెళ్ళివారిల్లులా మెరిసిపోతోంది. మెట్ల దగ్గర మిగిలిన మరక కొలుచుకుని, గోడలు మెచ్చుకుని, మంచినీళ్ళు తాగి వెళ్ళిపోయారు. మీ బావ ఆ రోజంతా మీసం దువ్వుకుంటూ తిరిగారు.

మా ఎదురిల్లు ఇన్నాళ్ళూ ఖాళీగా ఉంది కదా, ఆస్పత్రి కంపౌండరు దిగాడు. భార్య, నడవలేని తల్లి. నెమ్మదస్తుడు. దిగేముందు మా ఇంటికొచ్చి, "అమ్మా, ఏటి పక్కన కదా, నీళ్ళొస్తాయా?" అని అడిగాడు. "గడప దాకా వస్తాయి నాయనా, కాళ్ళు కడిగి పోతాయి" అన్నాను. సంతోషంగా సామాను దింపుకున్నాడు.

ఫారం అలమరలో ఉంది. మీ బావ చూద్దాం అన్నారు. ఆయన చూద్దాం అంటే ఏమిటో నీకు తెలియనిది కాదు.

మీ అక్క


జూన్ 21

అక్కా,

నీ ఉత్తరం ఆఫీసులో చదివాను. చదివి లేచి నిలబడ్డాను, మళ్ళీ కూర్చున్నాను. పక్క సీటాయన ఒంట్లో బాగాలేదా అని అడిగాడు.

నువ్వు ఏం రాశావో నీకు తెలుస్తోందా? ఆ పటం ఆకాశంలోంచి ఊడిపడదు. గోడల మీద మరకలు కొలిచి, ఆ కొలతలు కలిపి గీత గీస్తారు. మరక ఎక్కడ లేదో అక్కడికి నీళ్ళు రాలేదని రాసుకుంటారు. మీ వీధిలో మరకలన్నీ బావ రంగు కింద ఉన్నాయి. అంటే మీరు గీత అవతల లేరు. లోపల ఉన్నారు, ఎంత లోపలో ఎవరికీ తెలియదు. ఆ గీత చూసి నేను కడుపునిండా తిన్నాను!

బావని అడుగు. ప్రతిసారీ ఎంత ఎత్తుకి వచ్చిందో ఆయన చేతికి తెలిసే ఉంటుంది. నాకు రాయి, పటాల ఆఫీసులో చెప్తాను. ఫారం ఇవాళే పంపు. తానులు నేల మీద పెట్టకు. ఎదురింటాయనకి చెప్పు, వాళ్ళమ్మ నడవలేదన్నావు కదా. అన్నిటికంటే ముందు మీరిద్దరూ ఈ వానలు పోయేదాకా నా దగ్గరికి రండి. ఒక్క గదే, నేను వరండాలో పడుకుంటాను. మిషను కూడా తెచ్చుకో.

నవ్వకు అక్కా. ఈ ఒక్కసారికి నవ్వకు.

తమ్ముడు


జూలై 1

తమ్ముడూ,

నీ ఉత్తరం నాకంటే ముందు మీ బావ విప్పారు. అలా జరగకుండా ఉండాల్సింది.

"నేను మరకలు దాచి పటం వాళ్ళని మోసం చేశానంటున్నాడు మీ తమ్ముడు. నా ఇంటి గోడకి నేను రంగు వేసుకుంటే దొంగతనమా?" అన్నారు. అలా అనలేదండీ అని నేను, అన్నాడు చూడు అని ఆయన. నీ మాటలే వేలు పెట్టి చూపించారు. ఇంతకంటే నెమ్మదిగా రాయలేకపోయావా? "చదువుకున్నవాళ్ళు మిషన్లు పెట్టి గీసిన పటం అది. నా కుంచె ఆపాటి పటాన్ని మార్చేస్తుందా? పోయిన ఉత్తరంలో గీత అవతల అన్నవాడు ఈ ఉత్తరంలో లోపల అంటాడేం?" అన్నారు.

ఎత్తుల సంగతి అడిగితే గుర్తులేదన్నారు. అబద్ధం. ఆయనకి ఏ ఇంటికి ఏ ఏడు ఏ రంగు వేశారో కూడా గుర్తుంటుంది.

నువ్వు పటాల ఆఫీసుకి వెళ్ళకు. వెళ్తే వీధంతా గీత లోపలికి పోతుంది, ఇళ్ళు కొనేవాడుండడు, అందరి బీమా పెరుగుతుంది. ఎవరి వల్ల అంటే రంగుల మేస్త్రీ బావమరిది వల్ల అంటారు. ఆయన తిరిగేది ఈ వీధిలోనే కదరా. కంపౌండరుకీ ఏం చెప్పలేకపోయాను. నోటిదాకా వచ్చింది, అతను నవ్వుతూ పలకరించాడు, మింగేశాను.

ఫారం మాత్రం నేనే సంతకం పెట్టి ఈ ఉత్తరంతో పాటు పంపుతున్నాను. ఇల్లు నా పేరు మీదే ఉంది కాబట్టి సరిపోతుందనుకుంటా. మీ బావకి తెలియనివ్వకు. ఆయన మాట మీద నమ్మకం లేక పెట్టానని బాధపడతారు.

వస్తానో రానో తరవాత చూద్దాం. యూనిఫారాలు ఇచ్చెయ్యాలి.

మీ అక్క


జూలై 8

అక్కా,

ఫారం మూడో తేదీనే అందింది, అదే రోజు దగ్గరుండి ముద్ర వేయించాను. ఆగస్టు మొదలయ్యాకగానీ పనిచెయ్యదు. అప్పటిదాకా ఏమైనా అయితే మీరు బీమా లేనివాళ్ళ కిందే లెక్క.

పటాల ఆఫీసు మా మేడ మీదే. మెట్ల దాకా రోజూ వెళ్తున్నాను. నువ్వు వెళ్ళకన్న మాట గుర్తొస్తుంది, వెనక్కి వస్తున్నాను. ఏది తప్పో తెలియడం లేదు. చెప్తే బావ మొహం చూడలేను. చెప్పకపోతే ఆ నడవలేని పెద్దావిడ కళ్ళ ముందు మెదులుతుంది, నేనామెని చూడనైనా లేదు.

ఇక్కడ వాన ఆగడం లేదు. కిటికీ అద్దం మీద నీళ్ళు జారుతుంటే ఎంత ఎత్తు నుంచి జారుతున్నాయా అని చూస్తూ కూర్చుంటున్నాను. పైన ఆనకట్ట నిండుతోందని రేడియోలో చెప్పారు. బావ కాళ్ళు పట్టుకుంటానని చెప్పు. కోపం ఉంటే ఇక్కడికొచ్చి నన్ను తిట్టమను. రండి అక్కా.

తమ్ముడు


జూలై 20

తమ్ముడూ,

బతికే ఉన్నాం. ముందు అది చదువుకో. బడి మేడ మీద ఉన్నాం, ఈ ఉత్తరం బస్సు డ్రైవరు చేతికిస్తున్నాను. ఫోన్లు పోయాయి. ఒళ్ళో పెట్టుకుని రాస్తున్నాను, అక్షరాలు అర్థం కాకపోతే కూడబలుక్కో.

నిన్న పొద్దున ఖాళీ చెయ్యమని మైకులో చెప్పారు, కానీ గీత లోపలి వీధుల పేర్లే చదివారు. మా పేరు రాలేదు. మీ బావ "చూశావా" అన్నారు. అయినా నా మొహం చూసి గుమ్మానికి అడ్డంగా ఇసక మూటలు పెట్టారు. మేమిద్దరం గుమ్మం వైపే చూస్తూ కూర్చున్నాం. నీళ్ళు వెనక నుంచి వచ్చాయిరా, స్నానాలగది తూములోంచి. నేను మిషను తొక్కుతున్నాను, పాదానికి చల్లగా తగిలింది. వంగి చూస్తే నల్లటి నీళ్ళు చప్పుడు లేకుండా గది అంతా పరుచుకుని ఉన్నాయి. తానులు ఒక్కొక్కటీ పీల్చుకుని బరువెక్కి ఒరిగిపోతున్నాయి. తలుపు తీద్దామంటే బయటి నీళ్ళు తొయ్యనివ్వలేదు. మేం పెట్టిన మూటలు కూడా అడ్డమే. నీళ్ళు నడుము దాకా వచ్చాయి. మీ బావ రంగుల నిచ్చెన గోడకి ఆనించి పైకెక్కి, పెంకులు ఊడబీకి, నా జుట్టు పట్టుకుని లాగారు. కప్పు మీద కూర్చున్నాం. కింద మన గదిలో మిషన్ల బల్ల గోడకేసి కొట్టుకుంటున్న చప్పుడు. ఇంట్లో ఎవరో ఉండి తలుపు కొడుతున్నట్టే ఉంది.

ఎదురింట్లో నిచ్చెన లేదు. కంపౌండరు తల్లిని భుజాల మీద ఎత్తుకుని కిటికీ చువ్వలు పట్టుకుని నిలబడ్డాడు, నీళ్ళు అతని గడ్డం దాకా. అతని భార్య అరుస్తోంది. మేం చూస్తూ ఉన్నాం. చూడటం తప్ప ఇంకేం చెయ్యగలం? పడవవాళ్ళు వచ్చి చువ్వలు కోసి లాగారు. పెద్దావిడ బతికింది, కానీ మాట పోయింది, పిలిస్తే పలకడం లేదు.

రాత్రి అతను మా పక్కనే పడుకున్నాడు. తిట్టలేదు. తిట్టినా బాగుండేది. "గడప దాకా అన్నారు కదమ్మా" అన్నాడు, అంతే.

నీ నెల రోజులు నిండలేదు కదరా?

అక్క


జూలై 24

అక్కా,

నిండలేదు. ఇంకేం రాయను దాని గురించి. నువ్వున్నావు, బావ ఉన్నారు. నీ ఉత్తరం చేతిలో పట్టుకుని మా కౌంటరు కిందే కూర్చుని ఏడ్చాను. జనం చూస్తున్నా ఆపుకోలేకపోయాను.

తరవాత మేడ మెట్లెక్కాను. పటాల ఆఫీసులో అంతా చెప్పేశాను. బావ పేరు చెప్పలేదు, వీధి పేరు చెప్పాను. నీళ్ళు దిగగానే కొలతలకి వస్తారు. దండం పెడతాను, గోడ ముట్టుకోవద్దని బావకి చెప్పు. కడగొద్దు, లప్పం పెట్టొద్దు. ఆ మరక ఒక్కటే మీ మాటకి సాక్ష్యం. అది లేకపోతే మళ్ళీ 'గడప వరకు' అని రాసుకుని పోతారు. మళ్ళీ వరద వచ్చినా మైకులో మీ వీధి పేరు రాదు.

సెలవు పెట్టాను. దారి తెరవగానే బయలుదేరతాను.

తమ్ముడు


ఆగస్టు 3

తమ్ముడూ,

నీ ఉత్తరం నిన్న చేరింది. గోడ ఆరకముందే మీ బావ రంగు వేసేశారు.

నా కోసమే వేశారు. ఇంట్లోకి అడుగుపెట్టి, నా తల కంటే పైన ఉన్న ఆ గీత చూసి నేను గుమ్మంలోనే కూలబడ్డాను. మర్నాడు నేను బడి దగ్గర నుంచి వచ్చేసరికి గోడ తెల్లగా ఉంది. వీధివాళ్ళు కూడా పిలిచారు. పటం వాళ్ళు వస్తున్నారని తెలిసి మరీ తొందరపెట్టారు. ఆయన ఒళ్ళు దాచుకోకుండా అందరికీ వేశారు.

ఇవాళ వచ్చారు. టేపు పట్టుకున్న ఒకమ్మాయి, రాసుకునే ఒకాయన. ఇల్లిల్లూ తిరిగారు. అందరూ గడప చూపించారు. మా ఇంట్లో కూడా గోడ చూసి, "ఇక్కడా ఏం లేదు" అని ఆ అమ్మాయి పుస్తకం మూస్తోంది. గుమ్మం బయట కంపౌండరు నిలబడి ఉన్నాడు, మిగిలిన సామాను తీసుకెళ్ళడానికి వచ్చాడట. నావైపే చూస్తున్నాడు.

నేను మీ బావ సంచిలోంచి గీకే రేకు తీసి గోడ మీద పెట్టాను. తెల్లరంగు పచ్చిగానే ఉంది, పెచ్చులుగా ఊడింది. కింద గీత, నా తల పైన. ఆగితే బాగుండేది, చెయ్యి ఆగలేదు. తెలుపు కింద ఆకుపచ్చ వచ్చింది, ఆకుపచ్చ కింద ఇంకో గీత, తొడ దగ్గర. దాని కింద నీలం, ఇంకో గీత, మోకాలి కింద. అన్నిటికీ అడుగున పాత సున్నం మీద ఒకటి, చీలమండ దగ్గర. వచ్చినదల్లా చూశాను, వచ్చినప్పుడల్లా భయపడ్డాను, మర్నాటికి రంగు పడగానే మర్చిపోయాను. నాలుగూ ఒకే గోడ మీద పక్కపక్కన ఎన్నడూ చూడలేదు. ఏరు ఒక్కో మెట్టే ఎక్కుతూ వస్తోంది తమ్ముడూ. ఎవరో తెలిసినవాళ్ళు మన ఇంటి మెట్లు ఎక్కి వస్తున్నట్టు.

మీ బావ వచ్చి నా చేతిలో రేకు లాక్కున్నారు. ఆపేస్తారనుకున్నాను. "నువ్వు భయపడతావని..." అన్నారు. "భయపడనిస్తే ఎప్పుడో వెళ్ళిపోయేవాళ్ళం కదండీ" అన్నాను. అరవలేదు, మెల్లగానే అన్నాను. ఆయన వీధి దాటి వెళ్ళి ఎదురింటి గోడ గీకడం మొదలుపెట్టారు. తరవాత దాని పక్కది. వీధివాళ్ళు తిడుతున్నారు, ఒకరు చెయ్యి పట్టుకుని లాగారు కూడా. ఆయన తల ఎత్తలేదు. ఆ అమ్మాయి టేపు పట్టుకుని వెనకే తిరిగింది.

బీమా కాగితం కూడా ఇవాళే వచ్చింది. ఇప్పుడు పనిచేస్తుందట. ఈసారి ఇల్లు పోతే ఇస్తామని రాసుంది. చిన్న అక్షరాలు కూడా చదివాను. మా గురించి అందులో ఏం లేదు.

నువ్వు బయలుదేరకు. మేమే వస్తున్నాం, రేపు పొద్దున మొదటి బస్సు. మిషను ఒకటే పనికొచ్చేలా ఉంది, అదీ తుప్పు పట్టింది. బస్టాండుకి రా. నిన్ను ఇన్నాళ్ళూ పిరికివాడివని వెక్కిరించిన దాన్ని, నాకిప్పుడు చాలా భయంగా ఉందిరా. ఆ పై గీత మీద చెయ్యి పెట్టి చూశాను, దాని పైన నా మూడు వేళ్ళు పట్టాయి, ఆ తరవాత పెంకులే. మళ్ళీ వస్తే గీత పడటానికి ఇక గోడ లేదు.

అక్క